ప్రాక్టీసులో 606, మ్యాచ్‌లో 590: లోపం రైఫిల్‌లోనా, మనసులోనా?

జడ్చర్ల నుంచి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి ఈ ప్రశ్న అడిగింది. ఎన్‌సీసీలో .22 రైఫిల్‌తో మొదలుపెట్టి, పది నెలలుగా పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. ప్రాక్టీసులో 60 షాట్లకు (ఒక్కో షాట్‌కు ఎక్కువలో ఎక్కువ 10.9) 606 దాకా వస్తోంది. మొన్న హైదరాబాద్ మ్యాచ్‌లో 590కి పడిపోయింది. "చేతులు వణికినయ్ సార్, గుండె దడదడ కొట్టుకుంది. ఫోకస్ చెయ్ ఫోకస్ చెయ్ అంటరు, ఫోకస్ అంటే ఏం చెయ్యాల్నో ఎవ్వరు చెప్పరు. అప్పు చేసైనా కొత్త రైఫిల్ కొనిస్తా అంటున్నడు నాన్న. కొనమంటరా?" అని రాసి, స్కోర్ షీట్ ఫొటో కూడా పెట్టింది.

బిడ్డా, ముందు సూటిగా చెప్తాను. కొత్త రైఫిల్ వద్దు. నాన్నను అప్పు చేయనివ్వకు. ఇప్పుడున్న రైఫిల్‌తోనే 606 వస్తోందంటే, ఆ రైఫిల్ ఇంకా చాలా ఇవ్వగలదు. నీ పొజిషన్, అంటే నిలబడే తీరు, కూడా మరీ చెడ్డదేమీ కాదు. చెడ్డదైతే మొదటి ఇరవై షాట్లు అంత బాగా పడేవి కావు. నీకు రైఫిల్ ఎత్తడం వచ్చింది, కాల్చడం వచ్చింది. కుదరనప్పుడు కాల్చకుండా దించడం ఇంకా రాలేదు. ఆ 16 పాయింట్లలో చాలా మటుకు అక్కడే పోయాయి.

ఎవరు చెప్తున్నారో నీకు తెలియాలి కాబట్టి రెండు మాటలు. మాది నకిరేకల్ దగ్గర పల్లె. ఫౌజులో 22 ఏళ్లు చేశాను, అందులో తొమ్మిదేళ్లు రెజిమెంట్ షూటింగ్ టీమ్‌లో ఉన్నాను. తిరిగొచ్చాక నల్లగొండలో పిల్లలకు ఎయిర్ రైఫిల్ నేర్పిస్తున్నాను. నా దగ్గరికి వచ్చిన వాళ్లలో సగం మంది తెచ్చిన సమస్య నీదే.

నీ స్కోర్ షీట్‌లో ఏముంది

నీ ఆరు సిరీస్‌లు (పది షాట్లకు ఒక సిరీస్) ఇవి: 101.2, 100.8, 97.1, 98.4, 96.3, 96.2. మొదటి రెండూ నీ ప్రాక్టీసు స్థాయిలోనే ఉన్నాయి. అంటే మ్యాచ్ మొదలైనప్పుడు నీకు భయం ఉన్నా చేతికి పని వచ్చు. మూడో సిరీస్ నాలుగో షాట్ 7.9. అక్కడి నుంచి కథ మారింది.

తొమ్మిదికి తక్కువ పడినవి వేలు పెట్టి లెక్కపెట్టాను. ఎనిమిది ఉన్నాయి, వాటి సగటు 8.1. మిగతా 52 షాట్ల సగటు 10.1, అంటే అచ్చంగా నీ ప్రాక్టీసు సగటే. నువ్వేమో "మ్యాచ్ మొత్తం పాడైంది" అని రాశావు. పాడైంది మ్యాచ్ కాదు, ఎనిమిది షాట్లు. 60 షాట్లనూ బాగుచేయాలని కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఎనిమిదింటి సంగతి చూడటమైతే నీ చేతిలో పని.

ఇంకొకటి రాశావు, అదే నాకు అన్నిటికన్నా పెద్ద ఆధారం: "ఇంకా 22 నిమిషాలు ఉండంగనే అయిపోగొట్టిన." 60 షాట్లకు ఇచ్చేది 75 నిమిషాలు. అంటే ఒక్కో షాట్‌కు నిమిషంపావు. నీ మెషీన్ ప్రింట్‌లో షాట్ల పక్కన సమయం కూడా ఉంది చూడు. 7.9 తర్వాత నాలుగు షాట్లు రెండు నిమిషాల్లోపే కాల్చావు. పోయిన పాయింట్లను వెంటనే తెచ్చుకోవాలని ఉరికావు. 22 నిమిషాలు చేతిలో పెట్టుకుని ఉరకడం ఎందుకు?

దించడం అంటే

మా నాయన జొన్నచేను కాపలాకు మంచె ఎక్కి వడిసెల తిప్పేవాడు. నేను పక్కన కూర్చుని చూసేవాణ్ని. రెండు సుట్లు తిప్పినంక చేతికి వాటం కుదరకపోతే రాయి వదిలేవాడు కాదు. చెయ్యి దించి, రాయి మళ్లీ సర్ది, మళ్లీ తిప్పేవాడు. పిట్టలు కంకుల మీద వాలి ఉన్నా సరే. ఈ సంగతి నాకు రైఫిల్ పట్టిన పదేళ్లకు గానీ అర్థం కాలేదు.

ఎయిర్ రైఫిల్‌లో ఊపిరి ఆపిన తర్వాత నీకు దొరికే మంచి సమయం ఆరు నుంచి ఎనిమిది సెకన్లు. మొదటి రెండు మూడు సెకన్లలో రైఫిల్ కుదురుకుంటుంది, తర్వాతి మూడు నాలుగు సెకన్లలో అన్నిటికన్నా నిలకడగా ఉంటుంది. ఎనిమిది దాటితే కండరాలకు ప్రాణవాయువు తగ్గుతుంది, వణుకు పెరుగుతుంది. కన్ను కూడా మోసం చేస్తుంది. ఒకే బొమ్మను కదలకుండా చూస్తూ ఉంటే, పాత బొమ్మే కంటిలో నిలిచిపోయి అంతా సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది. "బాగానే ఉండె సార్, ఎనిమిది ఎట్ల పడ్డదో తెల్వలె" అని పిల్లలు అంటుంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లకు కనిపించింది మూడు సెకన్ల కిందటి బొమ్మ.

ఆ సమయం దాటిందా, దించు. వేలు ట్రిగ్గర్ మీద మొండికేసిందా, దించు. పక్క లేన్‌లో ఎవరో దగ్గారు, నీ దృష్టి అటు పోయింది, దించు. ఊపిరి మధ్యలో "ఈసారి పది పడాలె" అన్న మాట మనసులో వచ్చిందా, అప్పుడు కూడా దించు. ఒక మ్యాచ్‌లో పదిహేనుసార్లు దించినా నీకు టైమ్ సరిపోతుంది.

వినడానికి సులువుగా ఉంటుంది. చేయడం కష్టం, ఎందుకంటే ఎత్తిన రైఫిల్‌ను కాల్చకుండా దించడం ఓడిపోయినట్టు అనిపిస్తుంది. అందుకే దీన్ని ప్రాక్టీసులోనే అలవాటు చేయాలి. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ప్రతి ఐదో షాట్‌ను, ఎంత బాగా కుదిరినా సరే, కావాలని దించాలి. మొదటి వారం పిల్లలు విసుక్కుంటారు. మూడో వారానికి దించడం కూడా షాట్‌లో భాగమైపోతుంది.

పొజిషన్: నువ్వు రైఫిల్‌ను టార్గెట్ మీదికి నెడుతున్నావేమో చూసుకో

చివరి రెండు సిరీస్‌లలో ఎక్కువ షాట్లు కుడివైపు, గడియారంలో మూడు అంకె ఉండే చోట పడ్డాయి. ఇది టెన్షన్ వల్ల కాదు, పాదాలు కదిలిన గుర్తు అని నా అనుమానం. అలసిపోయి మధ్యలో కాలు సర్దుకుని ఉంటావు. తర్వాత శరీరం ఒకవైపు చూస్తుంటే, నువ్వు భుజంతో రైఫిల్‌ను టార్గెట్ వైపు లాగి కాల్చావు. ట్రిగ్గర్ విడిచే క్షణంలో భుజం సడలి రైఫిల్ తన దారిన తాను పోయింది.

ఇలా పరీక్షించు. పొజిషన్‌లో నిలబడి, రైఫిల్ ఎత్తి, చెంప ఆనించి, కళ్లు మూసుకో. రెండుసార్లు మామూలుగా ఊపిరి తీసి వదులు. మూడోసారి ఊపిరి ఆగిన చోట కళ్లు తెరువు. బ్యారెల్ కొసన ఉండే ఫ్రంట్ సైట్ రింగ్ టార్గెట్ నల్లచుక్క మీదే ఉంటే నీ శరీరం టార్గెట్‌ను చూస్తున్నట్టు. కుడికో ఎడమకో ఉంటే చేతులతో సర్దకు. పాదాలు కదుపు. సాధారణంగా వెనక పాదాన్ని ఒక వేలెడు జరిపితే చాలు. పైకీ కిందికీ తేడా ఉంటే ముందు చేతి ఎత్తును సర్దుకో. కుదిరాక, ప్రాక్టీసులో అయితే సుద్దముక్కతో బూట్ల చుట్టూ నేల మీద గీత గీయి. పది షాట్ల తర్వాత చూడు, నీ పాదం గీత దాటి ఉంటుంది. నేను చెప్తే నమ్మని పిల్లలు ఆ గీత చూస్తే నమ్ముతారు.

మ్యాచ్‌లో ఈ కళ్లు మూసే పరీక్ష మొదట్లో, ప్రతి సిరీస్ మొదలయ్యేటప్పుడు, కాలు సర్దుకున్న ప్రతిసారీ చెయ్యాలి. పది సెకన్ల పని.

రైఫిల్ బరువు ఎముక మీద పడాలి, కండ మీద కాదు. ఎడమ మోచేయి తుంటి ఎముక మీద ఆనాలి, ఆ ఎముక కింద ఎడమ కాలు నిటారుగా ఉండాలి. నీళ్ల బిందెను చంకన పెట్టుకున్న ఆడవాళ్లను చూడు. చేతితో మోయరు, తుంటిని కొంచెం పక్కకు జరిపి దాని మీద నిలబెడతారు. రైఫిల్ కూడా అంతే. ఎయిర్ రైఫిల్ ఐదున్నర కిలోలు మించకూడదని నియమం, నీది నాలుగున్నర చిల్లర ఉండొచ్చు. అంత బరువును 60 సార్లు కండతో ఎత్తి పట్టుకుంటే నాలుగో సిరీస్‌కు వణుకు రాక ఏమవుతుంది? అప్పుడు ఆ వణుకును మనం భయం అనుకుంటాం.

కన్ను, ఊపిరి, వేలు

కన్ను ఫ్రంట్ సైట్ రింగ్ మీద ఉండాలి. నల్లచుక్క కొంచెం మసకగా ఉన్నా పరవాలేదు. రింగ్‌కూ చుక్కకూ మధ్య ఉన్న తెల్లటి సందు చుట్టూ సమానంగా ఉందా లేదా అన్నదే చూడాలి. ఎడమ కన్ను గట్టిగా మూయకు, ముఖం అంతా బిగుసుకుంటుంది. సైట్‌కు తెల్లటి చిన్న పట్టీ తగిలించుకుని రెండు కళ్లూ తెరిచి ఉంచు.

రైఫిల్ కదలకుండా ఆగాలని చూడకు. నా 22 ఏళ్లలో కదలని రైఫిల్‌ను చూడలేదు. పది రింగ్ అంటే అర మిల్లీమీటరు చుక్క. నీ 8.1 అంటే నడిబొడ్డుకు దాదాపు ఏడు మిల్లీమీటర్ల దూరం. పది మీటర్ల దగ్గర ఏడు మిల్లీమీటర్లు పోవాలంటే, ఇక్కడ సైట్ కదలాల్సింది అర మిల్లీమీటరు అంతే. అది గోరుమందం. ఆ కాస్త కదలిక ఎప్పుడూ ఉంటుంది. రింగ్ చుక్క చుట్టూ మెల్లగా తేలుతూ ఉండనీ. అది మధ్యలోకి వచ్చిన క్షణాన్ని పట్టుకోవాలని ట్రిగ్గర్‌ను గుంజితేనే ఎనిమిది పడుతుంది.

వేలి సంగతి. మ్యాచ్ ట్రిగ్గర్‌లో రెండు దశలు ఉంటాయి. మొదటి ఒత్తు రింగ్ చుక్క మీదికి దిగుతుండగానే పూర్తి కావాలి. రెండో ఒత్తు మెల్లగా, ఆగకుండా, సూటిగా వెనక్కి. వేలు మాత్రమే కదలాలి. మిగతా నాలుగు వేళ్లలో ఒక్కటి బిగిసినా రైఫిల్ పక్కకు పోతుంది. టమాట పండు పట్టుకున్నట్టు పట్టు, అది చితకకూడదు, కింద పడకూడదు.

పేలిన తర్వాత రెండు సెకన్లు అలాగే ఉండు. రింగ్ ఎక్కడికి పోయిందో చూడు. స్క్రీన్ వైపు చూసే ముందే మనసులో చెప్పుకో: "పదిన్నర, కొంచెం ఎడమ." తర్వాత స్క్రీన్ చూడు. నువ్వు చెప్పిందీ స్క్రీన్ చెప్పిందీ కలుస్తుంటే నీ కన్ను నిజం చూస్తున్నట్టు. కలవకపోతే, షాట్ విడిచే క్షణంలో నువ్వు అక్కడ లేవు, స్క్రీన్ దగ్గరికి ముందే పోయావు. నీ ఎనిమిదింట్లో చాలా వరకు ఇవే అయి ఉంటాయి.

ఫోకస్ అంటే ఏం చెయ్యాలి

నువ్వు అడిగిన అసలు ప్రశ్న ఇది. "ఫోకస్ చెయ్" అన్న మాట ఎవరికీ ఉపయోగపడదు, ఎందుకంటే అందులో చేయాల్సిన పని లేదు. మనసును ఖాళీగా పెట్టమని కూడా కొందరు చెప్తారు. ఖాళీగా పెట్టు అంటే అది ఊరుకోదు. దానికి ఒక పని ఇవ్వాలి.

మిర్యాలగూడ వైపు నుంచి ఒక పిల్లవాడు వచ్చేవాడు. చేతిలో బంగారం లాంటి నిలకడ ఉండేది. మ్యాచ్‌లో మాత్రం ప్రతిసారీ పదిహేను పాయింట్లు పోగొట్టేవాడు. ఒకరోజు పక్కన కూర్చుని అడిగాను, "రైఫిల్ ఎత్తినప్పటి సంది మనసుల ఏం మాట్లాడుకుంటున్నవ్? ఉన్నది ఉన్నట్టు చెప్పు" అని. చాలాసేపు చెప్పలేదు. చివరికి చెప్పాడు: "పది రావాలె, పది రావాలె అనుకుంటున్న సార్. నిన్నటి మ్యాచ్‌ల అమ్మ ఫోన్ చేస్తదేమో అనుకున్న." పాపం, వాడి మనసు షాట్ అయిపోయిన తర్వాతి లోకంలో ఉంది. అక్కడ వాడు చేయగలిగిన పని ఒక్కటీ లేదు.

వాడికి ఐదు మాటలు ఇచ్చాను: పాదం, భుజం, ఊపిరి, రింగ్, వేలు. రైఫిల్ ఎత్తే ముందు పాదం చూసుకో. ఎత్తాక భుజం వదులు. ఊపిరి సగం వదిలి ఆపు. రింగ్ చుట్టూ తెల్ల సందు చూడు. వేలు మెల్లగా. ఒక్కో మాటకు శరీరంలో ఒక్కో పని ఉంది. ఆ మాట మీద ఉన్నంతసేపు మనసుకు పదీ గుర్తుండదు, అమ్మ ఫోనూ గుర్తుండదు. వరుస మధ్యలో వేరే ఆలోచన దూరితే దించి, మళ్లీ "పాదం" నుంచి మొదలుపెట్టాలి. మధ్యలో అందుకోవడం లేదు. ఇదీ బిడ్డా ఫోకస్ అంటే. నీకు నచ్చిన మాటలు నువ్వు పెట్టుకో, కానీ నీ సొంత భాషలో పెట్టుకో, ఐదు దాటనీయకు, ఎప్పుడూ మార్చకు.

గుండె దడ గురించి. అది పోదు. పోగొట్టాలని చూస్తే ఇంకా పెరుగుతుంది. అభినవ్ బింద్రా 2004 ఏథెన్స్‌లో ఫైనల్‌కు చేరి ఏడో స్థానంలో ఆగిపోయాడు. నాలుగేళ్ల తర్వాత బీజింగ్‌లో చివరి షాట్‌కు ముందు ఫిన్లాండ్ షూటర్‌తో సమానంగా ఉన్నాడు. దేశానికి వ్యక్తిగత క్రీడల్లో మొదటి ఒలింపిక్ బంగారం ఆ ఒక్క షాట్ మీద ఉంది. కొట్టింది 10.8. ఆ నిమిషంలో ఏ మనిషి గుండైనా నెమ్మదిగా కొట్టుకుంటుందా? గుండె కొట్టుకుంటూ ఉండగానే వరుస నడవాలి. అదే ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ అప్పటి లెక్కలో 600కు 595 కొట్టి కూడా, సమాన స్కోర్లను విడదీసే లెక్కలో ఫైనల్ పోగొట్టుకున్నాడు. మళ్లీ నాలుగేళ్లు పని చేసి 2012 లండన్‌లో కాంస్యం తెచ్చాడు. నీ 590 నీకు పది నెలల్లో వచ్చిన బాధ. తట్టుకోగలవు.

అమెరికా షూటర్ మాథ్యూ ఎమన్స్ సంగతి మా పిల్లలందరికీ చెప్తాను. 2004 ఏథెన్స్, 50 మీటర్ల మూడు పొజిషన్ల (మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చే) ఫైనల్. చివరి షాట్‌కు ముందు అందరికన్నా ముందున్నాడు. ఆ షాట్ పక్క లేన్ టార్గెట్ మీద కాల్చాడు. సున్నా వచ్చి ఎనిమిదో స్థానానికి పడిపోయాడు. 2008 బీజింగ్‌లో మళ్లీ అదే ఈవెంట్, మళ్లీ చివరి షాట్‌కు ముందు 3.3 ఆధిక్యం. రైఫిల్‌ను టార్గెట్ మీదికి తెస్తుండగా, గురి కుదరకముందే వేలు తగిలి పేలింది. 4.4. నాలుగో స్థానం. అంతటి వాడికే ఒకసారి లేన్ నంబర్ దగ్గర, ఒకసారి వేలి దగ్గర తప్పింది. ఆయన 2012 లండన్‌లో అదే ఈవెంట్‌లో కాంస్యం గెలిచాడు. నేను ఈ కథ నుంచి నీకు ఇచ్చే పని రెండే. ఎత్తిన ప్రతిసారీ నీ లేన్ నంబర్ ఒకసారి చూడు. రింగ్ నల్లచుక్క దగ్గరికి రాకముందు వేలు ట్రిగ్గర్ మీదికి పోనీయకు.

నా సంగతి కూడా చెప్తాను. ఒక ఇంటర్ యూనిట్ మ్యాచ్‌లో, ఇంకా కాగితం టార్గెట్ల కాలం, చివరి ఐదు షాట్లకు ముందు నేను టెలిస్కోప్‌ను నా టార్గెట్ మీద నుంచి పక్కవాడి టార్గెట్ మీదికి తిప్పాను. వాడు ఎంత కొట్టాడో చూడాలనిపించింది. వాడివి అన్నీ మధ్యలోనే ఉన్నాయి. తర్వాతి నా షాట్ ఏడు. ఆ తర్వాతది ఎనిమిది. టీమ్ మొత్తానికి పతకం రెండు పాయింట్లతో పోయింది, నాతో పాటు ముగ్గురికి. పాతికేళ్లు దాటింది, టెలిస్కోప్ స్క్రూ వదులు చేసిన ఆ వేళ్లు ఇంకా గుర్తున్నాయి. మ్యాచ్‌లో పక్కవాళ్ల స్క్రీన్ చూడకు, వెనకాల ర్యాంకింగ్ బోర్డు చూడకు.

చెడ్డ షాట్ పడ్డాక

7.9 పడిందనుకో. రైఫిల్ స్టాండ్ మీద పెట్టు. వెనక్కి ఒక అడుగు వెయ్యి, కుర్చీలో కూర్చో. రెండు గుక్కల నీళ్లు తాగు, దూరంగా ఏదైనా గోడను చూసి కళ్లకు విశ్రాంతి ఇవ్వు. కారణం తెలిస్తే ఒక్క మాటలో చెప్పుకో: "వేలు గుంజిన." తెలియకపోతే వెతకకు. తర్వాత కళ్లు మూసే పరీక్ష, తర్వాత "పాదం". మ్యాచ్ షాట్లు మొదలయ్యాక సైటింగ్ షాట్లు (గురి సరిచూసుకోవడానికి కాల్చే, లెక్కలోకి రాని షాట్లు) ఉండవు కాబట్టి, ఎత్తి కాల్చకుండా ఒకసారి దించడమే నీకు సైటింగ్. మొత్తం మూడు నిమిషాలు. నీ దగ్గర 22 ఉండె.

మన ఎండ, మన బస్సు

ఇది చాలామంది చెప్పరు. నువ్వు మ్యాచ్ రోజు తెల్లవారుజామున నాలుగింటికి బస్సెక్కి హైదరాబాద్ వచ్చి, అక్కడి నుంచి ఆటోలో గచ్చిబౌలి రేంజ్‌కు పోయానని రాశావు. నిద్ర లేదు, ఖాళీ కడుపు, పైగా రెండు చాయ్‌లు. చేతులు వణికినయ్ అంటే అందులో సగం మనసుది కాదు, చాయ్‌ది. వచ్చేసారి ముందురోజు సాయంత్రమే పోయి చుట్టాలింట్లోనో హాస్టల్‌లోనో పడుకో. మ్యాచ్‌కు రెండు గంటల ముందు రోజూ తినేదే తిను. జొన్నరొట్టె అలవాటైతే జొన్నరొట్టే. ఆరోజు కొత్త తిండి వద్దు, చాయ్ అసలే వద్దు.

మహబూబ్‌నగర్ అయినా నల్లగొండ అయినా మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలే. మన హాళ్లలో ఏసీ ఉండదు. షూటింగ్ జాకెట్ వేసుకుని అరగంట నిలబడితే లోపలి బనియన్ పిండుకోవచ్చు. ఒంట్లో నీళ్లు తగ్గితే గుండె వేగం పెరుగుతుంది, ఆ దడ నేరుగా రైఫిల్‌లోకి వస్తుంది. జాకెట్ వేసుకోవడానికి గంట ముందు నుంచి ఉప్పేసిన పలుచటి మజ్జిగో నీళ్లో కొంచెం కొంచెం తాగు. సిరీస్ మధ్యలో పై గుండీలు విప్పి గాలి తగలనివ్వు. ఎండాకాలంలో మేము పొద్దున ఆరింటికే మొదలుపెట్టి తొమ్మిదింటికి ఆపేస్తాం. మధ్యాహ్నం మొండిగా చేసిన ప్రాక్టీసు వల్ల చెడు అలవాట్లే మిగులుతాయి.

ఇంట్లో రోజూ ఇరవై నిమిషాలు

పెల్లెట్లు (ఎయిర్ రైఫిల్ గుండ్లు) లేకుండా చేసే డ్రై ప్రాక్టీసు నీ స్కోరును అన్నిటికన్నా వేగంగా మారుస్తుంది, ఖర్చూ లేదు. గోడ మీద తెల్ల కాగితం అంటించి, కంటి ఎత్తులో చిన్న నల్లచుక్క పెట్టు. ఐదు మాటల వరుసతో పదిహేను షాట్లు. తర్వాత చుక్క తీసేసి ఉత్త తెల్ల కాగితం మీద పది. గురి పెట్టడానికి ఏమీ లేనప్పుడు వేలు ఏం చేస్తుందో స్పష్టంగా కనిపిస్తుంది. చివర్లో, కాల్చకుండా, నిమిషం పాటు పొజిషన్‌లో పట్టుకుని దించడం ఐదుసార్లు.

ఇక్కడ ఒక్క విషయంలో రాజీ వద్దు. డ్రై చేసే ముందు బ్యారెల్ ఖాళీగా ఉందని నీ కళ్లతో చూడు, పెల్లెట్ డబ్బా వేరే గదిలో పెట్టు, ఆ గోడ వెనక మనుషులు తిరిగే చోటు కాకూడదు, ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే తలుపు గడియ పెట్టు. డ్రై ఫైర్ మీట ఉన్న మ్యాచ్ రైఫిల్‌తోనే ఇది చెయ్యాలి. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌ను పెల్లెట్ లేకుండా కాలిస్తే పిస్టన్ దెబ్బతింటుంది. ఎన్‌సీసీ .22 సంగతి వేరు, అది లైసెన్స్ ఆయుధం, దాన్ని రేంజ్‌లో అధికారి ముందు తప్ప ముట్టుకోవద్దు.

ఒక నోట్‌బుక్ పెట్టుకో. స్కోర్ రాయకు, అది మెషీన్ రాస్తుంది. రోజుకు మూడు గీతలు చాలు: ఎన్నిసార్లు దించావు, చెప్పిన షాట్ ఎన్నిసార్లు కలిసింది, ఏ సిరీస్‌లో పాదం కదిలింది.

మళ్లీ రైఫిల్ గురించి

అయినా మనసులో పురుగు తొలుస్తుంటే, అప్పు చేసే ముందు ఇవి చూడు. సైట్ స్క్రూలు, బట్ ప్లేట్ (భుజానికి ఆనే భాగం) స్క్రూలు వదులయ్యాయేమో బిగించు. సిలిండర్‌లో గాలి మ్యాచ్‌కు ముందు నిండుగా ఉందా చూడు, పడిపోతే షాట్లు కిందికి దిగుతాయి. మూడు రకాల పెల్లెట్లు తెచ్చి, రైఫిల్‌ను గట్టి ఆధారం మీద పెట్టి, ఒక్కోదానితో పది కాల్చు. పది పెల్లెట్లూ ఒకే చిన్న రంధ్రంలో పోతుంటే రైఫిల్ తప్పు ఏమీ లేదు. చీక్ పీస్ (చెంప ఆనే భాగం) నీ ముఖానికి తగ్గట్టు లేకపోతే నూరు రూపాయల స్పాంజ్‌తో సర్దవచ్చు, మా పిల్లలు అలాగే సర్దుకుంటారు. నిలకడగా 620 దాటిన రోజున, అప్పటికీ నీ చేతికి రైఫిల్ చిన్నదైతే, అప్పుడు కొనే సంగతి మాట్లాడుకుందాం. నాన్నకు ఈ పేరా చదివి వినిపించు.

వచ్చే పదిహేను రోజులు మొదటి ఇరవై షాట్లలో ఎన్నిసార్లు దించావో, చివరి ఇరవైలో ఎన్నిసార్లు దించావో రాసి ఇక్కడ పెట్టు బిడ్డా. చివరి ఇరవైలో ఆ సంఖ్య తగ్గితే నువ్వు అలసిపోయి ఏది వస్తే అది కాల్చేస్తున్నట్టు. అప్పుడు నడుము, కాళ్ల బలం కోసం చేయాల్సినవి వేరే ఉన్నాయి, వాటి గురించి రాస్తాను.